వంతు, వాటా, హామీ: డేటా నెట్‌వర్కుల్లో బ్యాండ్‌విడ్త్ పంపకంపై ఒక సమీక్ష

1986 అక్టోబరు. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం సుమారు 400 గజాలు. రెంటినీ కలిపే నెట్‌వర్కు దారిలో కొద్ది మజిలీలే. అంతవరకు సెకనుకు 32 వేల బిట్లు మోసిన ఆ దారి ఉన్నట్టుండి సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. తీగ తెగలేదు, యంత్రం చెడిపోలేదు. అందరూ ఒకేసారి పంపారు. దారిలో పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపారు. పంపినకొద్దీ దారి ఇంకా బిగుసుకుపోయింది. లైను నిండుగానే ఉంది, అందులో పనికొచ్చే సమాచారం మాత్రం దాదాపు లేదు.

ఉన్న లైనును ఎవరికెంత పంచాలన్న ప్రశ్నకు అప్పటినుంచి డజన్లకొద్దీ జవాబులు వచ్చాయి. ఒక్కో జవాబు వెనుక ఒక బడి, ఒక పదజాలం, ఒక ప్రమాణపత్రాల కట్ట చేరాయి. ఈనాడు ఈ చర్చలోకి కొత్తగా అడుగుపెట్టేవారికి దారి దొరకడం కష్టం. కారణం, మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే మాట కింద కలిసిపోయాయి. పంపకం ఎవరు చేయాలి? పంపే కంప్యూటరా, మధ్యలోని స్విచ్చా, ధరా, చట్టమా? ఏ కొలతతో పంచాలి? వీటికన్నా ముందు తేలవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: అసలు వాటాదారు అని ఎవరిని లెక్కపెట్టాలి? మొదటి రెంటి మీద కావలసినంత గణితం పోగుపడింది. మూడోదాన్ని చాలామంది తేలినట్టే భావించి ముందుకు వెళ్లారు. పాత తగవుల్లో చాలాభాగం అక్కడే పుట్టిందని ఈ చరిత్రను వరుసగా చూస్తే అర్థమవుతుంది.

టెలిఫోన్ లెక్క నుంచి ప్యాకెట్ దాకా

కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లోను, 1917లోను ప్రచురించిన వ్యాసాలతో ఈ శాస్త్రం మొదలైంది. ఎన్ని లైన్లు వేస్తే నూటికి ఎన్ని కాల్స్‌కు ఖాళీ దొరకదో ఆయన సూత్రం చెబుతుంది. టెలిఫోన్ ప్రపంచంలో పంపకం తేలిక. కాల్ కలిస్తే ఆ దారి పూర్తిగా మీది, కలవకపోతే మీకు ఏమీ లేదు. డిజిటల్ ఎక్స్ఛేంజీలు వచ్చాక ఆ వాటా కాల్‌కు 64 కిలోబిట్లుగా స్థిరపడింది. మాట్లాడుతున్నా, మౌనంగా ఉన్నా ఆ 64 మీవే.

కంప్యూటర్లు అలా మాట్లాడవు. ఒక్క క్షణం కుండపోతగా పంపి, ఆ తర్వాత చాలాసేపు ఊరుకుంటాయి. 1960లలో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో పాల్ బరన్, బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలలో డోనల్డ్ డేవిస్ విడివిడిగా ఒకే ఆలోచనకు వచ్చారు. సమాచారాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా చిరునామా రాసి, ఖాళీ దొరికినప్పుడల్లా పంపాలి. ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టింది డేవిస్. అందరూ ఒకే క్షణంలో అడగరు గనుక వందమందికి తలా ఒక మెగాబిట్ అమ్మడానికి వంద మెగాబిట్ల లైను అక్కర్లేదు. మన దేశంలో 2009లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు 1:50 నిష్పత్తి కనిపించేది ఇందుకే. ఒకే వాటాను యాభైమందితో పంచుకోవచ్చని అధికారికంగా ఒప్పుకోవడం అది.

ఈ పొదుపుకు మూల్యం ఉంది. క్యూ సిద్ధాంతంలోని అతి సరళమైన నమూనా తీసుకున్నా, లైను సగం నిండినప్పుడు ప్యాకెట్ లోపల గడిపే సమయం ఖాళీ లైనుతో పోలిస్తే రెట్టింపు. తొంభై శాతం నిండితే పదింతలు, తొంభైతొమ్మిది శాతం నిండితే నూరింతలు. పొదుపు ఎక్కువ కావాలంటే నిరీక్షణ పెరుగుతుంది, నిరీక్షణ తగ్గాలంటే లైను కొంత ఖాళీగా ఉండాలి. తర్వాత వచ్చిన ప్రతి పద్ధతీ ఈ రెంటి మధ్య ఒక చోటు వెతుక్కున్నదే.

స్విచ్ లోపల

బయటి దారుల సంగతికి ముందు స్విచ్ కడుపులో జరిగే పంపకాన్ని చెప్పుకోవాలి. ఇందులో చాలావరకు తగవు తీరిపోయింది. ప్రతి లోపలి ద్వారానికీ ఒకే క్యూ ఉంటే, ముందున్న ప్యాకెట్ తన బయటి ద్వారం ఖాళీ కోసం ఆగుతుంది. దాని వెనుక ఉన్నవాటికి వేరే ద్వారాలు ఖాళీగానే ఉన్నా అవీ ఆగక తప్పదు. ఈ చిక్కువల్ల ద్వారాల సంఖ్య పెరిగినకొద్దీ స్విచ్ సామర్థ్యం 58.6 శాతం దగ్గర ఆగిపోతుందని కరోల్, లూకై, మోర్గన్ 1987లో లెక్కకట్టారు. మందు కూడా దొరికింది. ప్రతి లోపలి ద్వారం దగ్గరా, ఒక్కో బయటి ద్వారానికి ఒక్కో క్యూ పెట్టాలి. అప్పుడు ఏ క్షణాన ఏ లోపలి ద్వారాన్ని ఏ బయటి ద్వారంతో జతకట్టాలన్నది మిగిలిన ప్రశ్న. సరైన జతకట్టుతో నూటికి నూరు శాతం సాధించవచ్చని మెకియన్, అనంతరం, వాల్రండ్ 1990లలో నిరూపించారు. మెకియన్ రూపొందించిన ఐస్లిప్ అనే వంతుల పద్ధతి వాణిజ్య రూటర్లలోకి ఎక్కింది. అయితే ఇక్కడ వాటాదారు ద్వారం. ఒక ద్వారం వెనుక ఒక్కరున్నారో, ఒక ఊరంతా ఉందో స్విచ్చుకు పట్టదు.

పంపేవాడే తగ్గాలి

1986 నాటి పతనానికి వాన్ జాకబ్‌సన్, మైకేల్ కారెల్స్ 1988లో ఇచ్చిన చికిత్స మధ్యలోని యంత్రాలను ముట్టుకోలేదు. దాని సారాంశం ఇది: ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందని అర్థం, వెంటనే వేగం సగానికి తగ్గించు, ఆ తర్వాత మెల్లగా, మెట్టుమెట్టుగా పెంచు. ఈ పెంచడం తగ్గించడంలో ఉన్న అసమానతే అందరినీ సమాన వాటాల వైపు నడిపిస్తుందని చియూ, రాజ్ జైన్ 1989లో చూపించారు. సగానికి తగ్గినప్పుడు పెద్ద వాటా ఉన్నవాడు ఎక్కువ వదులుకుంటాడు, పెరిగేటప్పుడు ఇద్దరూ ఒకే మోతాదులో పెరుగుతారు. అలా కొన్ని ఆవర్తాలు గడిచేసరికి తేడా కరిగిపోతుంది. అదే కాలంలో రాజ్ జైన్, కె.కె. రామకృష్ణన్ ఇంకో సూచన చేశారు. ప్యాకెట్ పోయేదాకా ఆగకుండా, రద్దీ మొదలవగానే రూటరే ప్యాకెట్ మీద ఒక్క బిట్ గుర్తు పెట్టాలన్నది ఆ సూచన. ఇంటర్నెట్‌లో అది 2001లో ప్రమాణమైంది.

ఈ బడికి దక్కిన విజయాన్ని తక్కువచేయకూడదు. కేంద్రంలో ఎవరూ లెక్కలు రాసుకోకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, వందల కోట్ల పరికరాలు ఒకే లైను మీద సర్దుకుపోతున్నాయంటే ఈ చిన్న నియమమే కారణం.

దీనికి లోపాలూ ఉన్నాయి. మొదటిది దూరం. జవాబు త్వరగా వచ్చే దగ్గరివాడు త్వరగా పెరుగుతాడు. జవాబు ఆలస్యంగా వచ్చే దూరంవాడు వెనకబడతాడు. కాలువ కింద శివారు భూములకు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. రెండోది, నియమం పాటించడం స్వచ్ఛందం. తగ్గనివాడిని ఆపే యంత్రాంగం ఇందులో లేదు. మూడోది అన్నిటికన్నా లోతైనది. సమానత్వం కనెక్షన్ల మధ్యే గాని మనుషుల మధ్య లేదు. ఒకరు ఒక కనెక్షన్ తెరిచి, మరొకరు పది తెరిస్తే రెండోవారికి పదింతలు దక్కుతుంది. నియమం ఎక్కడా మీరనవసరం లేకుండానే.

ఇటీవలి చరిత్ర ఈ స్వచ్ఛంద ఒప్పందాన్ని ఇంకా బలహీనపరిచింది. 2006 నుంచి లినక్స్‌లో ప్యాకెట్ పోవడాన్నే రద్దీకి గుర్తుగా తీసుకునే క్యూబిక్ పద్ధతి స్థిరపడింది. 2016లో గూగుల్ బీబీఆర్‌ను ప్రవేశపెట్టింది. ప్యాకెట్ పోవడాన్ని పట్టించుకోకుండా దారి సామర్థ్యాన్నీ, ప్రయాణకాలాన్నీ తానే కొలుచుకుని వేగం నిర్ణయించడం బీబీఆర్ తీరు. ప్యాకెట్లు వేచి ఉండే బఫర్లు చిన్నవైన చోట దాని తొలి రూపం క్యూబిక్ కనెక్షన్లను పక్కకు నెట్టేస్తుందని పరిశోధకులు కొలిచి చూపారు. సర్వర్లు ఎవరి చేతుల్లో ఉన్నాయో వారే కోట్ల మంది వాటాను ఒక సాఫ్ట్‌వేర్ మార్పుతో మార్చగల స్థితికి చేరాం.

వంతులవారీ

మధ్యలోని రూటరే తీర్పరి కావాలనే బడికి మూలపురుషుడు జాన్ నేగల్. రూటరుకు అనంతమైన జ్ఞాపకశక్తి ఇచ్చినా రద్దీ తీరదని ఆయన 1985లో ఒక పత్రంలో వాదించారు. ఒకే క్యూ ఉన్నంతకాలం ఎక్కువ పంపేవాడికే ఎక్కువ దక్కుతుంది. కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో క్యూ పెట్టి, వంతులవారీగా ఒక్కో ప్యాకెట్ తీయాలన్నారు. ఆయకట్టులో వంతుల నీరు ఎరిగిన రైతుకు ఇది చెప్పనవసరం లేని సంగతి. తూము వెడల్పు చేసుకున్నంత మాత్రాన నీ గంట రెండు గంటలు కాదు.

అయితే ప్యాకెట్లన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. పెద్ద ప్యాకెట్లు పంపేవాడికి వంతుకు ఎక్కువ బిట్లు దక్కుతాయి. డెమర్స్, కేశవ్, షెంకర్ 1989లో ఈ లోపం సరిదిద్దారు. ఒక్కో బిట్ చొప్పున వంతులు వేస్తే ఏ ప్యాకెట్ ఎప్పుడు ముగిసేదో లెక్కకట్టి, ఆ క్రమంలో పంపమన్నారు. వాటాలకు బరువులు కూడా కలిపి, పంపేవాడు ఒక హద్దులో ఉంటే అతని ప్యాకెట్ ఎంత ఆలస్యమైనా ఇంతకు మించదని అభయ్ పరేఖ్, రాబర్ట్ గాలగర్ 1990ల మొదట్లో నిరూపించారు. ప్యాకెట్ నెట్‌వర్కులో హామీ అసాధ్యమన్న మాటను ఆ గణితం తోసిపుచ్చింది.

గణితం అందమైనదే, యంత్రానికి మాత్రం భారం. ప్రతి ప్యాకెట్‌కూ ముగింపు సమయం లెక్కించి, వరుసలో సరైన చోట పెట్టాలి. 1995లో శ్రీధర్, జార్జ్ వర్గీస్ చూపిన దారి ఆ భారం తీసేసింది. ప్రతి క్యూకూ ఒక ఖాతా ఉంటుంది. వంతు వచ్చినప్పుడల్లా ఖాతాలో, ఉదాహరణకు, 500 బైట్లు జమ అవుతాయి. ముందున్న ప్యాకెట్ 1500 బైట్లదైతే రెండు వంతులు ఊరకే జమ చేసుకుని, మూడో వంతులో వెళుతుంది. మిగులు తర్వాతి వంతుకు నిలుస్తుంది. లెక్క ఇంతే. ఈ రంగంలో వచ్చిన ఆలోచనల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత న్యాయం తెచ్చినది మరొకటి లేదని చెప్పడానికి సంకోచించనక్కర్లేదు.

ఈ బడి మీద పాత ఆక్షేపణ ఒకటి ఉంది. దేశపు వెన్నెముక రూటర్లో లక్షల ప్రవాహాలు, అంటే కనెక్షన్లు, ఉంటాయి, ఒక్కోదానికి క్యూ ఎలా పెడతారు? ఆ ఆక్షేపణకు కేంద్రంలో ఇంకా బలముంది. ఇంటి రూటర్ దగ్గర లేదు. 2018లో ప్రయోగాత్మక పత్రంగా వెలువడిన వంతుల పద్ధతి ఎఫ్‌క్యూ-కోడెల్ మామూలుగా 1024 క్యూలతో నడుస్తుంది. ఇంటింటా రద్దీ పుట్టేది చాలావరకు ఆ చిన్న పెట్టె దగ్గరే.

హామీల వాదం

టెలిఫోన్ కంపెనీలు ప్యాకెట్ ప్రపంచంలోకి తెచ్చిన ఏటీఎం పద్ధతి 1990లలో ఒక పెద్ద ఆశ. సెల్ అనే ప్రతి ముక్కా ఒకే పరిమాణం: 48 బైట్ల సమాచారం, 5 బైట్ల చిరునామా. ఆ 48 కూడా ఒక రాజీ. అమెరికా 64 కోరింది, ఐరోపా 32 కోరింది, నడుమ తేల్చారు. ముందే వేగం మాట్లాడుకున్న కాల్స్‌కు స్థిరమైన వాటా, వీడియోకు మారే వాటా, మిగిలినవాటికి దొరికినంత, ఇలా తరగతులు ఏర్పరచారు.

ఆ దొరికినంత తరగతిని ఎలా నడపాలన్న దాని మీద జరిగిన తగవు ఈ చరిత్రలో అతి తీవ్రమైనది. ఒక పక్షం అరువు పద్ధతి కోరింది. ముందున్న స్విచ్ తన దగ్గర ఇన్ని సెల్స్‌కు చోటుందని చెప్పాకే వెనకవాడు పంపాలి. అప్పుడు ఒక్క సెల్ కూడా పోదు, గాని ప్రతి స్విచ్చులో ప్రతి కనెక్షన్‌కూ జ్ఞాపకం కావాలి. రెండో పక్షం వేగం పద్ధతి కోరింది. నెట్‌వర్కు తిరుగుటపాలో వేగం సూచిస్తుంది, పంపేవాడు దానికి లోబడతాడు. 1994 సెప్టెంబరులో ఏటీఎం ఫోరం ఓటు వేగానికి పడింది. ఆ తర్వాత ఏటీఎం వెనక్కి తగ్గి ఈథర్నెట్ గెలిచింది. ఓడిన అరువు పద్ధతి మాత్రం సూపర్ కంప్యూటర్లను కలిపే ఇన్ఫినీబ్యాండ్‌లో ఈనాటికీ నడుస్తోంది. ఓటుతో తేలిన సాంకేతిక వివాదం పూర్తిగా తేలినట్టు కాదనడానికి ఇది మంచి సాక్ష్యం.

ఇంటర్నెట్ పక్షాన హామీల ప్రయత్నం రెండుసార్లు జరిగింది. 1990ల నడుమ వచ్చిన ఇంట్‌సర్వ్ ప్రతి ప్రవాహానికీ దారి పొడవునా ముందస్తు రిజర్వేషన్ కోరింది. దారిలోని ప్రతి రూటరూ ప్రతి రిజర్వేషన్‌నూ గుర్తుంచుకోవాలి. ఆ భారానికి అది నిలవలేదు. 1998లో వచ్చిన డిఫ్‌సర్వ్ ఆశ తగ్గించుకుంది. ప్యాకెట్ మీద ఆరు బిట్ల గుర్తు పెడితే చాలు, రూటర్లు కొద్ది తరగతులను మాత్రమే వేరుగా చూస్తాయి. ఒకే సంస్థ ఆవరణలో ఇది చక్కగా పనిచేస్తుంది. సంస్థ సరిహద్దు దాటగానే ఆ గుర్తుకు విలువ పోతుంది. పక్క నెట్‌వర్కువాడు మీ ఎర్రబుగ్గను ఎందుకు గౌరవించాలి? ఎవరు డబ్బిస్తారు? ఇరవై ఏళ్లు దాటినా ఆ ప్రశ్నకు వాణిజ్య జవాబు లేదు. మరోవైపు, 4జీ ఫోన్లో మాట్లాడే వోల్టీ కాల్‌కు టవర్ దగ్గర హామీ ఉన్న ప్రత్యేక వాటా దక్కుతోంది. హామీ అనేది చచ్చిన ఆలోచన కాదు, యజమాని ఒక్కడైన చోట హాయిగా బతుకుతోంది.

లావు లైను వేస్తే చాలదా?

ఈ తలనొప్పులన్నీ ఎందుకు, లైను పెంచితే పోలేదా అన్న వాదం తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. ఒకే గాజుపోగులో అనేక రంగుల కాంతిని పంపే సాంకేతికత వచ్చాక బిట్ ఖరీదు పడిపోయింది. ఆండ్రూ ఓడ్లిజ్కో వంటివారు సంక్లిష్టమైన పంపకం కంటే అదనపు సామర్థ్యమే చౌక అన్నారు. అమెరికా విశ్వవిద్యాలయాల ఇంటర్నెట్2 బృందం ప్రీమియం సేవను ప్రయత్నించి, 2002లో విరమించుకుంటూ అదే మాటకు వచ్చింది: లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు ప్రీమియంకు మామూలు సేవకంటే ఎక్కువ చూపించేదేమీ లేదు, అవి నిండేలోపే కొత్తవి వేయవచ్చు.

వెన్నెముక లైన్ల విషయంలో ఈ బడి గెలిచిందనే చెప్పాలి. కాని ఇరుకు మాయం కాలేదు, చోటు మార్చుకుంది. ఇంటి వైఫైకి, టవర్ దగ్గరి తరంగాలకు వచ్చి చేరింది. గాజుపోగు ఇంకొకటి వేయవచ్చు, స్పెక్ట్రమ్‌ను కొత్తగా పుట్టించలేం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే మన దేశపు వీడియో వేదికలు మొబైల్ నెట్‌వర్కుల మీద 480పీ నాణ్యతకే పరిమితమవుతామని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ వారం పంపకం చేసింది రూటరూ కాదు, ప్రోటోకాలూ కాదు, కొన్ని కంపెనీల ఒప్పందం.

న్యాయానికి మూడు లెక్కలు

కొలత దగ్గరికి వద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఒక లింకు, విజయవాడ నుంచి విశాఖకు మరొకటి, రెండూ 10 మెగాబిట్లవే అనుకుందాం. ఒక ప్రవాహం హైదరాబాద్ నుంచి విశాఖ దాకా రెండు లింకులూ వాడుతుంది. మిగిలిన రెండు ప్రవాహాలు చెరో లింకు మీదే నడుస్తాయి.

మొత్తం రవాణా గరిష్ఠం కావాలంటే పొడవాటి ప్రవాహానికి సున్నా ఇచ్చి, పొట్టివాటికి చెరి పది ఇవ్వాలి. మొత్తం 20. అందరికన్నా తక్కువ దక్కినవాడి వాటాను వీలైనంత పెంచాలంటే ముగ్గురికీ అయిదేసి. మొత్తం 15. ఫ్రాంక్ కెల్లీ 1990ల చివర ప్రతిపాదించిన అనుపాత న్యాయం ప్రకారం పొడవాటిదానికి 3.33, పొట్టివాటికి 6.67 చొప్పున. మొత్తం 16.67.

మొదటి లెక్క పొడవాటి ప్రవాహంవాడిని పస్తు పెడుతుంది. రెండోది అతడు రెండు చోట్ల ఆక్రమిస్తున్నాడన్న సంగతి చూడదు. మూడోది అతని చేత రెండు లింకులకూ మూల్యం కట్టించి, అయినా ఖాళీ చేతులతో పంపదు. కెల్లీ చూపించిన గొప్ప సంగతి ఇంకొకటుంది. ప్రతి లింకూ తన రద్దీని ఒక ధరగా ప్రకటించి, ప్రతి వాడుకరీ తన స్తోమతకు తగ్గట్టు సర్దుకుంటే, కేంద్రంలో ఎవరూ లెక్క చేయకుండానే ఈ పంపకం దానంతటదే కుదురుతుంది. పంపేవాడే తగ్గాలనే బడికి, ధరల బడికి మధ్య గోడ ఆ ఫలితంతో కూలింది.

అయినా ఈ మూడు కొలతలూ ప్రవాహాలనే లెక్కపెడుతున్నాయి. 2007లో బాబ్ బ్రిస్కో చేసిన ఘాటైన విమర్శ సరిగ్గా దీనిమీదే. ప్రవాహానికి హక్కులేమిటి? రోజంతా పది కనెక్షన్లతో దించుకునేవాడూ, పది నిమిషాలకోసారి ఒక పేజీ చూసేవాడూ ఒక్క క్షణం సమానంగా కనబడితే అదెక్కడి న్యాయం? ఒక వ్యక్తి ఎంతకాలం, ఎంత రద్దీకి కారణమయ్యాడన్నది కొలవాలన్నారాయన. వంతులవారీ బడివారు దీనికి జవాబుగా రద్దీని కొలవడం, దానికి బిల్లు వేయడం ఎవరూ ఆచరణలో పెట్టలేదని గుర్తుచేశారు. ఆ జవాబు నిజమే. బ్రిస్కో ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

యజమాని ఒక్కడైతే

వాటాదారులెవరో ముందే తెలిసినచోట పంపకం ఎంత సులువో రెండు ఉదాహరణలు చెబుతాయి. గూగుల్ తన డేటా కేంద్రాల మధ్య నడిపే బీ4 నెట్‌వర్కును 2013లో వివరించింది. కేంద్రీయ నియంత్రణతో, ఏ అప్లికేషన్‌కు ఎంత ప్రాధాన్యమో సంస్థే నిర్ణయించి, లింకులను దాదాపు పూర్తిగా నింపగలిగింది. సాధారణ సుదూర లైన్లు 30, 40 శాతం నిండితేనే గొప్ప. మైక్రోసాఫ్ట్ స్వాన్ అదే ఏడాది అదే దారిలో నడిచింది.

రెండో ఉదాహరణ మన ఊళ్లలోనే ఉంది. భారత్‌నెట్, ఏపీ ఫైబర్‌నెట్ వాడే జీపాన్ పద్ధతిలో ఒకే గాజుపోగు చీలి అనేక ఇళ్లకు వెళుతుంది. ఇళ్ల వైపు సుమారు 2.5 గిగాబిట్లు, ఇళ్ల నుంచి తిరిగి సుమారు 1.25 గిగాబిట్లు. దిగువకు కాంతి అందరికీ వెళుతుంది, ఎవరిది వారు తీసుకుంటారు. ఎగువకు మాత్రం ఇద్దరు ఒకేసారి పంపితే కాంతులు కలిసి చెడిపోతాయి. అందుకని కేంద్రంలోని పరికరం ప్రతి ఇంటి పెట్టెకూ క్షణం నిర్ణయించి వంతులిస్తుంది. స్థిరమైన వాటా, హామీ వాటా, మిగిలితే ఇచ్చేది అంటూ తరగతులున్నాయి. పెట్టెలు తమ క్యూ పొడవు చెబితే దానికి తగ్గట్టు వంతు మారుతుంది. ఇక్కడ వాటాదారు పెట్టె. ఒక పెట్టె వెనుక ఒక్క వృద్ధ దంపతుల ఇల్లుండవచ్చు, మరో పెట్టె వెనుక పంచాయతీ కార్యాలయం, బడి ఉండవచ్చు. ఆపరేటర్ బరువులు మార్చి సరిచేయగలడు. చేయాలా, ఎవరు చెప్పాలి అన్నది సాంకేతిక విషయం కాదు.

నిరీక్షణను మరిచిన కాలం

2010 ప్రాంతంలో జిమ్ గెటీస్ లేవనెత్తిన విషయం ఈ బడులన్నిటినీ ఉలిక్కిపడేలా చేసింది. జ్ఞాపకం చవకైందని తయారీదారులు ఇంటి పరికరాల్లో భారీ బఫర్లు పెట్టారు. ప్యాకెట్ పోదు గనుక పంపేవాడికి రద్దీ తెలియదు. క్యూ పెరుగుతూ పోయి సెకన్ల ఆలస్యం చేరుతుంది. వేగ పరీక్ష బాగుంటుంది, వీడియో కాల్ తెగిపోతుంది.

బఫర్ ఎంత ఉండాలన్న దానిమీద పాత సూత్రం లైను వేగాన్ని ప్రయాణకాలంతో గుణించమంది. ప్రవాహాలు ఎక్కువైతే, ఆ గుణకారాన్ని ప్రవాహాల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే చాలని అపెన్‌జెల్లర్, కెస్లాసీ, మెకియన్ 2004లో చూపారు. 10 గిగాబిట్ల లైనుకు, 250 మిల్లీసెకన్ల ప్రయాణానికి పాత సూత్రం 2.5 గిగాబిట్ల బఫర్ కోరుతుంది. 50 వేల ప్రవాహాలుంటే కొత్త లెక్కకు సుమారు 11 మెగాబిట్లు చాలు. కొద్ది ప్రవాహాలే ఉండే ఇంటి లైనుకు ఆ వెసులుబాటు లేదు. అక్కడికి నికల్స్, జాకబ్‌సన్ 2012లో కోడెల్ తెచ్చారు. అది క్యూ పొడవు చూడదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. 5 మిల్లీసెకన్లకు మించిన నిరీక్షణ 100 మిల్లీసెకన్లపాటు తగ్గకుండా ఉంటే వదిలించుకోవడం మొదలుపెడుతుంది.

2023లో ప్రయోగాత్మక పత్రాలుగా వెలువడిన ఎల్4ఎస్ ఇంకో మెట్టు ఎక్కాలంటుంది. సున్నితంగా తగ్గే కొత్త తరహా ప్రవాహాలకు ఒక క్యూ, పాతవాటికి మరో క్యూ. అందరికీ వేర్వేరు క్యూలు పెట్టాలనే వర్గానికీ దీనికీ మధ్య తీవ్రమైన వాదం నడిచింది. ఎల్4ఎస్ రద్దీ గుర్తును అర్థం చేసుకోని పాత రూటర్ల దగ్గర కొత్త ప్రవాహాలు పాతవాటిని అణగదొక్కవచ్చన్న భయం నిరాధారమేమీ కాదు.

చట్టం చేసే పంపకం

2003లో టిమ్ వూ, సమాచారం మధ్య వివక్ష చూపరాదనే అర్థంలో, నెట్ న్యూట్రాలిటీ అన్న మాట ప్రవేశపెట్టాక పంపకం న్యాయస్థానాలకెక్కింది. అమెరికాలో 2015లో నిబంధనలు వచ్చాయి, 2017లో పోయాయి, 2024లో మళ్లీ వచ్చాయి, 2025 జనవరిలో అప్పీలు కోర్టు కొట్టేసింది. మన దేశం అంత ఊగిసలాడలేదు. 2015 మార్చిలో ట్రాయ్ చర్చాపత్రం విడుదల చేస్తే పదిలక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న, వెబ్‌సైటును బట్టి డేటా ధర మార్చడాన్ని ట్రాయ్ నిషేధించింది. 2018 జులైలో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించింది.

ఈ నిబంధనలు సమాచారం ఎక్కడినుంచి వచ్చిందన్న దాన్ని బట్టి వివక్ష చూపవద్దన్నాయి. వాడుకరిని బట్టి? 2020 జులైలో, ఎక్కువ చెల్లించే పోస్ట్‌పెయిడ్ వారికి ప్రాధాన్యమిస్తామన్న పథకాలను ఆపమని ట్రాయ్ రెండు మొబైల్ సంస్థలను కోరడంతో ఈ ప్రశ్న బయటపడింది. రైల్లో ఏసీ బోగీ ఉండగా ఇది తప్పెలా అవుతుందని ఒక వాదం. టవర్ దగ్గర ఒకరికి పెరిగిన వాటా పక్కవాడిదే గనుక అది బోగీ పోలికకు అందదని రెండో వాదం. రెండో వాదమే బలమైనది. తరంగాల్లో కొత్త బోగీ తగిలించడం కుదరదు. ఇక పెద్ద కంపెనీలు తమ వీడియోలను ఆపరేటర్ గదుల్లోనే నిలవచేసుకునే ఏర్పాట్లను ట్రాయ్ 2017 సిఫారసులు పరిధి బయట ఉంచాయి. డబ్బున్నవాడికి వేగం వచ్చే దారి అక్కడ తెరిచే ఉంది, ఏ రూటరూ పక్షపాతం చూపనవసరం లేకుండా.

తేలనివి

ఇప్పుడు ఇంటర్నెట్‌లో పెరుగుతున్న క్విక్ ప్రోటోకాల్ ప్రవాహపు లోపలి వివరాలను కూడా గుప్తలిపిలో దాస్తుంది. వ్యక్తిగత గోప్యతకు ఇది మేలు. మధ్యలోని రూటర్‌కు మాత్రం ఏది ఎవరిదో, ఏది వీడియోనో తెలియడం కష్టమవుతోంది. తీర్పరికి కళ్లు కట్టినట్టయింది. 5జీలో ఒకే నెట్‌వర్కును ముక్కలు చేసి ఆసుపత్రికి ఒకటి, కర్మాగారానికి ఒకటి హామీతో ఇస్తామంటున్నారు. ఆ ముక్క ప్రత్యేక సేవా, లేక డబ్బుకు దొరికే ముందు వరుసా అన్నది ఇంకా స్పష్టంగా తేలలేదు.

డేటా కేంద్రాల లోపలి నుంచి ఇంకా మౌలికమైన సందేహం వస్తోంది. వేలాది చిప్పులు కలిసి ఒకే కృత్రిమ మేధ నమూనాను తయారుచేసేటప్పుడు, అన్నిటికన్నా వెనకబడిన ప్రవాహం చేరేదాకా మిగిలినవన్నీ ఆగి ఉంటాయి. అక్కడ ఒక్కో ప్రవాహానికి సమాన వాటా అన్న మాటకు అర్థమే లేదు. ఒకే పనికి చెందిన ప్రవాహాల గుంపును ఒక వాటాదారుగా చూడాలని చౌధురి, స్టోయికా 2012లోనే ప్రతిపాదించారు. ఆ దృష్టితో చూస్తే పాత న్యాయం తలకిందులవుతుంది. 10 గిగాబిట్ల లింకు మీద 10 గిగాబిట్ల పనులు రెండున్నాయనుకుందాం. సమానంగా పంచితే రెండూ రెండో సెకను చివర ముగుస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి పంపితే మొదటిది ఒక సెకనులో, రెండోది రెండో సెకను చివర ముగుస్తాయి. ఎవరూ నష్టపోలేదు, ఒకరు బాగుపడ్డారు. ఇక్కడ సమానంగా పంచడంవల్ల ఎవరికీ దక్కిందేమీ లేదు. అలాగని చిన్న పనినే ముందు పంపుతూ పోతే, చిన్నవి వస్తూనే ఉన్నంతసేపు పెద్ద పని వాకిట్లోనే నిలబడి ఉంటుంది. అది ఎన్నాళ్లు నిలబడాక వంతు ఇవ్వాలో నిర్ణయించే సూత్రాలు ఇప్పటికి అరడజనున్నాయి, ఒక్కోదాని ఫలితం ఒక్కోలా ఉంది.